పీట విరిగినా ఆట పోదు: అలాన్ ట్యూరింగ్ జీవితం

(బి.యస్సీ. విద్యార్థి, కోటగిరి)

మన పల్లెల్లో పాత గుడి అరుగుల మీద, చావడి బండల మీద గీసిన పులి-మేక గళ్ళను చాలామంది చూసే ఉంటారు. వాటిని ఎవరు చెక్కారో, చెక్కి ఎన్నేళ్ళయిందో చెప్పేవారు లేరు. కానీ ఈనాటికీ కాసిని చింతగింజలు, నాలుగు రాళ్ళు దొరికితే చాలు, అక్కడ ఆట మొదలవుతుంది. వామనగుంటల పీట విరిగిపోతే ఆడవాళ్ళు నేలమీద గుంటలు తవ్వుకుని ఆడుకుంటారు. పీట పోయినంత మాత్రాన ఆట పోదు. ఎందుకంటే ఆట ఉన్నది పీటలో కాదు, ఆడేవాళ్ళ నోట ఉన్న నియమాలలో.

కంప్యూటరు ఆటల సంగతి అట్లా కాదు. ఎడ్ల నాగలికి చేయించిన కర్రు ట్రాక్టరుకి పట్టనట్టే, ఒక యంత్రానికి రాసిన ఆట ఇంకో యంత్రానికి పట్టదు. 1980లలో వచ్చిన ఆటలు కొన్ని ఆనాటి యంత్రపు వేగాన్నే గడియారంగా వాడుకున్నాయి. వాటిని కొత్త యంత్రం మీద పెడితే బొమ్మలు కంటికి ఆనకుండా పరుగెత్తుతాయి. కొన్నిటికి ఫ్లాపీ కావాలి, ఆ ఫ్లాపీ పెట్టే చోటే ఇప్పుడు లేదు. ఇంకొన్ని అసలు తెరుచుకోనే తెరుచుకోవు. పాత ఆటను కొత్త యంత్రంపై ఆడించడం ఎట్లా అన్న చిక్కు ఈనాడు ప్రపంచమంతటా ఉన్నది.

ఆశ్చర్యమేమిటంటే, దీనికి విరుగుడు కంప్యూటరు పుట్టకముందే దొరికింది. 1936లో, ఇరవై నాలుగేళ్ళు నిండీ నిండని ఒక యువకుడు దానిని కాగితం మీద రాసిపెట్టాడు. ఆయన పేరు అలాన్ మాథిసన్ ట్యూరింగ్. కంప్యూటరు శాస్త్రానికి పితామహుడని యావత్ప్రపంచం కొనియాడుతున్న ఆ మహనీయునికి మన తెలుగు నేలతో చుట్టరికం ఉందంటే నమ్ముతారా?

తెలుగు నేలతో చుట్టరికం

ట్యూరింగ్ తండ్రి జూలియస్ ట్యూరింగ్ ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగి. మద్రాసు రాజధానిలో పనిచేశాడు. బళ్ళారి, కర్నూలు, విశాఖపట్నం ప్రాంతాలలో సుమారు పదేళ్ళపాటు గుర్రం మీద ఊరూరా తిరిగాడు. పంటలెట్లా ఉన్నాయి, కాలువల్లో నీళ్ళు పారుతున్నాయా, మశూచి టీకాలు వేస్తున్నారా, లెక్కలు సరిగ్గా ఉన్నాయా అని చూసి పైకి నివేదికలు రాయడమే ఆయన పని. ఆ పని కోసం తెలుగు నేర్చుకున్నాడు. తల్లి ఎథెల్ సారా 1881లో కోయంబత్తూరు దగ్గరి పోదనూరులో పుట్టింది. ఆమె తండ్రి ఎడ్వర్డ్ వాలర్ స్టోనీ మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరు. తుంగభద్ర మీద రైలు వంతెన కట్టించినవాడు.

వీరిద్దరికీ 1907లో పెళ్ళయింది. పెద్దకొడుకు జాన్ కూనూరులో పుట్టాడు. జూలియస్ గంజాం జిల్లా ఛత్రపురంలో ఉద్యోగం చేస్తుండగా సారా మళ్ళీ గర్భవతి అయింది. ఛత్రపురం ఇప్పుడు ఒడిశాలో ఉన్నా, అప్పట్లో మద్రాసు రాజధానిలోనిదే. కాన్పు కోసం దంపతులు లండను వెళ్ళగా, అక్కడ 1912 జూన్ 23న అలాన్ పుట్టాడు.

తండ్రి సెలవు అయిపోగానే ఇండియా తిరిగివచ్చాడు. కొంతకాలానికి తల్లి కూడా వచ్చింది. ఇక్కడి ఎండలకు పిల్లల ఆరోగ్యం చెడుతుందన్న భయంతో ఇద్దరు కొడుకులనూ ఇంగ్లండులోనే, సముద్రపుటొడ్డున ఉన్న సెయింట్ లెనార్డ్స్ అనే ఊళ్ళో, ఒక రిటైర్డు సైనికోద్యోగి ఇంట్లో వదిలారు. తండ్రి మన రైతుల పొలాలు చూసుకుంటూ తిరుగుతుంటే, కొడుకు అమ్మానాన్నలు లేని ఇంట్లో పెరిగాడన్నమాట.

బాల్యము, చదువు

అలాన్ చిన్నప్పటినుంచీ అదో తీరు మనిషి. 1926లో పదమూడేళ్ళ వయసులో షెర్బోర్న్ అనే బోర్డింగు స్కూలులో చేరాల్సి ఉండగా, సరిగ్గా అప్పుడే దేశమంతటా సార్వత్రిక సమ్మె వచ్చి రైళ్ళు ఆగిపోయాయి. ఓడ దిగిన రేవునుంచి బడికి దాదాపు వంద కిలోమీటర్లు. ఇంకొకరైతే ఇంటికి ఉత్తరం రాసి కూర్చునేవారు. ఈ పిల్లవాడు సైకిలెక్కి, దారిలో ఒక పూటకూళ్ళ ఇంట్లో రాత్రి పడుకుని, మర్నాటికి బడి చేరుకున్నాడు.

ఆ బడిలో లాటిను, గ్రీకులకున్న గౌరవం సైన్సుకు లేదు. దస్తూరీ బాగుండదని, లెక్క సరిగ్గా చేసినా మెట్లు రాయడని అయ్యవార్లు విసుక్కునేవారు. అక్కడ ఆయనకు దొరికిన ఒకే ఒక్క ప్రాణస్నేహితుడు క్రిస్టఫర్ మోర్కం. ఇద్దరూ నక్షత్రాల గురించి, రసాయనాల గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవారు. మోర్కం చిన్నతనంలో జబ్బు ఆవు పాలు తాగడం వల్ల క్షయ సోకింది. 1930 ఫిబ్రవరిలో ఆ జబ్బుతోనే పోయాడు. పాడి ఉన్న ఇంట పుట్టినవాళ్ళకు ఈ మాట చదివితే గుండె కలుక్కుమంటుంది. మనిషి పోతే అతని మనసు ఏమవుతుంది, మనసు శరీరమనే యంత్రానికి కట్టుబడి ఉంటుందా, వేరుగా ఉండగలదా అని అలాన్ అప్పటినుంచి ఆలోచించసాగాడు. ఆ ప్రశ్న ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు.

నిజాంసాగర్ ఆనకట్ట పూర్తయిన 1931లోనే ట్యూరింగ్ కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజిలో గణితం చదవడానికి చేరాడు. 1934లో మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడై, 1935లో ఇరవై రెండేళ్ళకే ఆ కాలేజికి ఫెలోగా ఎన్నికయ్యాడు.

కాగితం మీది యంత్రం

గణితంలోని ఏ ప్రశ్నకైనా అవునో కాదో తేల్చిచెప్పే ఒక నిశ్చితమైన పద్ధతి ఉంటుందా? ఆ రోజుల్లో పెద్ద పెద్ద గణితవేత్తలను వేధిస్తున్న సమస్య ఇది. దీన్ని తేల్చడానికి ట్యూరింగ్ ఒక యంత్రాన్ని ఊహించాడు. పొడుగాటి కాగితపు పట్టీ, దానిమీద గళ్ళు, గడికొక గుర్తు. యంత్రం ఒక్కో గడిని చూస్తుంది, గుర్తును చెరిపి ఇంకోటి రాస్తుంది, ఎడమకో కుడికో జరుగుతుంది. ఎప్పుడేం చేయాలో ఒక నియమాల పట్టిక చెబుతుంది. అంతే, ఇంకేమీ లేదు. అన్ని ప్రశ్నలనూ తేల్చే పద్ధతి ఉండదని ఈ ఊహాయంత్రంతోనే ఆయన నిరూపించాడు.

అయితే ఆ వ్యాసంలో ఇంకో మాట ఉన్నది. ఏ యంత్రపు నియమాల పట్టికనైనా పట్టీ మీద గుర్తులుగా రాసి ఇస్తే, దాన్ని చదువుకుంటూ ఆ యంత్రం చేసే పనినే చేసి చూపే యంత్రం ఒకటి సాధ్యమని ఆయన రుజువు చేశాడు. దీనినే సార్వత్రిక యంత్రమంటారు. వివరంగా చెప్పాలంటే, వామనగుంటలకొక పీట, పులి-మేకకొక బండ అని వేరు వేరుగా అక్కరలేదు. నియమాలు రాసిస్తే అన్ని ఆటలకూ పనికివచ్చే పలక ఒకటే చాలు.

ఈనాడు పాత ఆటలను ఆడించేవారు చేస్తున్నది సరిగ్గా ఇదే. పాత యంత్రం ఎట్లా నడుచుకునేదో ఆ నియమాలన్నీ ఒక ప్రోగ్రాముగా రాస్తారు. కొత్త యంత్రం ఆ ప్రోగ్రామును నడుపుతూ పాత యంత్రం వేషం కడుతుంది. పాత ఆటకు తాను కొత్త ఇంట్లో ఉన్నానన్న సంగతే తెలియదు. ఇట్లాంటి వేషధారి ప్రోగ్రామును ఎమ్యులేటరు అంటారు. 1997లో వచ్చిన మేమ్, 2002లో వచ్చిన డాస్‌బాక్స్ అటువంటివే. వాటన్నిటికీ మూలం 1936 నాటి ఆ వ్యాసం.

ఆ తరువాత ట్యూరింగ్ అమెరికాలోని ప్రిన్స్‌టన్‌కు వెళ్ళి, అలొంజో చర్చ్ దగ్గర పరిశోధించి 1938లో డాక్టరేటు పుచ్చుకుని స్వదేశానికి తిరిగివచ్చాడు.

యుద్ధకాలం

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే ట్యూరింగ్ బ్లెచ్లీ పార్కులోని రహస్య కార్యాలయంలో చేరాడు. జర్మన్లు ఎనిగ్మా అనే యంత్రంతో తమ సందేశాలను గూఢలిపిలోకి మార్చి పంపేవారు. పోలండు గణితవేత్తలు అంతకుముందే వేసిన పునాది మీద, ట్యూరింగ్ బాంబ్ అనే యంత్రానికి రూపకల్పన గావించాడు. 1940 నుంచి అది పనిచేసింది. జర్మను నౌకాదళపు సందేశాలను విప్పే విభాగానికి ఆయనే నాయకత్వం వహించాడు. ఆ సందేశాలు చదవగలగడం వల్ల అట్లాంటిక్ సముద్రంలో ఎన్నో ఓడలు జలాంతర్గాముల బారినుంచి తప్పుకున్నాయి. ఇదంతా 1970ల దాకా లోకానికి తెలియని రహస్యం.

అక్కడ ఆయన వింత అలవాట్ల గురించి కథలు చెప్పుకునేవారు. పూల పుప్పొడి పడక, గ్యాసు ముసుగు తగిలించుకుని సైకిలు తొక్కేవాడు. తన టీ కప్పును ఎవరూ తీసుకుపోకుండా గొలుసు వేసి కట్టేవాడు. ఇంకో సంగతి. శత్రువులు దేశంలోకి వస్తే బ్యాంకులో డబ్బు ఉండదని, వెండి కడ్డీలు కొని అడవిలో పాతిపెట్టాడు. యుద్ధమయ్యాక వెతకబోతే ఆనవాళ్ళు మారిపోయాయి. లోహాన్ని కనిపెట్టే పరికరం పట్టుకుని వెతికినా ఆ వెండి దొరకలేదు. దాచడం వేరు, దాచినదాన్ని తిరిగి తీయగలగడం వేరు.

యంత్రం లేని ఆట

బ్లెచ్లీలో పగలంతా పనిచేసి, తీరిక దొరికితే చదరంగం ఆడేవారు. అక్కడ దేశంలోనే పేరున్న ఆటగాళ్ళు ఉండేవారు. ట్యూరింగ్ మాత్రం అందులో వెనకబడ్డవాడే. అయితే యంత్రం చేత చదరంగం ఆడించడం ఎట్లా అన్న ఆలోచన మాత్రం ఆయనకు అక్కడే పట్టుకుంది.

యుద్ధం తర్వాత నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో చేరి ఏస్ అనే కంప్యూటరుకు పూర్తి నమూనా రాశాడు. పని నత్తనడక నడవడంతో విసిగి, 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. అదే ఏడు డేవిడ్ చాంపర్‌నౌన్ అనే మిత్రునితో కలిసి చదరంగం ఆడే నియమావళిని తయారుచేశాడు. ఇద్దరి పేర్లూ కలిపి దానికి టూరోచాంప్ అని పేరు పెట్టారు. బంటుకు 1, గుర్రానికి 3, శకటుకు మూడున్నర, ఏనుగుకు 5, మంత్రికి 10 అని విలువలు కట్టారు. తన ఎత్తులన్నీ చూడాలి, ఒక్కోదానికి ఎదుటివాడి జవాబులన్నీ చూడాలి, కాయలు కొట్టుకునే చోట ఆ కొట్లాట సద్దుమణిగేదాకా లెక్క కట్టాలి. చివరికి విలువ ఎక్కువ వచ్చిన ఎత్తు వేయాలి. ఈనాటి చదరంగపు ప్రోగ్రాములు కూడా చాలావరకు ఈ దారినే వచ్చాయి.

చిక్కల్లా ఏమిటంటే, ఆ నియమాలను నడిపేటంత కంప్యూటరు అప్పటికి లేదు. 1951లో మాంచెస్టరుకు వచ్చిన ఫెరాంటి యంత్రం మీద కూడా అది పూర్తిగా ఎక్కలేదు. విత్తనం ఉంది, పొలమే లేదు. అయినా ట్యూరింగ్ వెనుకాడలేదు. 1952 వేసవిలో అలిక్ గ్లెనీ అనే సహోద్యోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తానే యంత్రమైపోయి, కాగితం, పెన్సిలుతో లెక్కలు కట్టుకుంటూ ఆడాడు. ఒక్కో ఎత్తుకు దాదాపు అరగంట పట్టేదట. 29వ ఎత్తుకు కాగితపు యంత్రం ఓడిపోయింది.

ఆ రోజుల్లోనే క్రిస్టఫర్ స్ట్రాచీ అనే స్కూలు మాస్టరు డ్రాఫ్ట్స్ ఆటకు ప్రోగ్రాము రాశాడు. మొదట ఏస్ నమూనా యంత్రం మీద ప్రయత్నిస్తే అందులోని జ్ఞాపకశక్తి చాలలేదు. మాంచెస్టరు యంత్రానికి జ్ఞాపకశక్తి ఎక్కువని విని, ట్యూరింగ్ రాసిన వివరణ పుస్తకం తెప్పించుకుని, ప్రోగ్రామును ఆ యంత్రానికి తగినట్టు తిరగరాశాడు. 1952 నాటికి అది ఆట మొత్తం ఆడింది. ఒక యంత్రం మీద ఆడని ఆటను ఇంకొక కొత్త యంత్రానికి ఎక్కించడం ఆనాడే మొదలైందన్నమాట.

1952 సంవత్సరం

కాగితం మీద చదరంగం ఆడిన ఆ ఏడే ట్యూరింగ్ జీవితం తలకిందులైంది. జనవరిలో ఆయన ఇంట్లో దొంగతనం జరిగింది. పోలీసులకు చెప్పాడు. విచారణలో, ఆయనకు ఒక యువకునితో సంబంధం ఉన్న సంగతి బయటపడింది. పురుషుల మధ్య అటువంటి సంబంధం ఆనాటి ఇంగ్లండు చట్టంలో నేరం. ట్యూరింగ్ దేన్నీ దాచలేదు. మార్చి 31న కోర్టు దోషిగా నిర్ణయించింది. జైలుకు పోతావా, ఏడాదిపాటు హార్మోను మందులు తీసుకుంటావా అని రెండు దారులు చూపింది. జైలైతే పని ఆగిపోతుంది. ఆయన మందులకే ఒప్పుకున్నాడు. వాటివల్ల శరీరం మారిపోయింది. రహస్య ప్రభుత్వ పనుల్లోకి ఇక రానివ్వలేదు. యుద్ధంలో దేశాన్ని కాపాడినవారిలో ఒకడని కోర్టుకు తెలియదు, తెలిసినవారు నోరు విప్పడానికి వీల్లేదు.

ఆ దశలోనూ ఆయన పని ఆపలేదు. ఆకుల అమరిక, జంతువుల ఒంటిమీది మచ్చలు ఎట్లా ఏర్పడతాయో గణితంలో వివరించే వ్యాసం 1952లోనే వెలువరించాడు. పొద్దుతిరుగుడు పువ్వులోని గింజల వరుసలను కూర్చుని లెక్కపెట్టాడు. పొద్దుతిరుగుడు మనమూ పండిస్తాం, ఆ వరుసలు రోజూ చూస్తాం, కానీ ఎందుకట్లా ఉన్నాయని ఎందరం అడిగాం?

1954 జూన్ 7న విల్మ్‌స్లోలోని తన ఇంట్లో సైనైడు విషంతో ట్యూరింగ్ మరణించాడు. మర్నాడు పనిమనిషి వచ్చి చూసింది. అప్పటికి ఆయన వయసు 41. అధికారులు ఆత్మహత్యగా తేల్చారు. ఇంట్లో రసాయనాలతో ప్రయోగాలు చేస్తుండగా జరిగిన ప్రమాదమని తల్లి మాత్రం చివరిదాకా నమ్మింది. పోదనూరులో పుట్టిన ఆ తల్లి, కొడుకు జీవితచరిత్రను 1959లో తానే రాసి ప్రచురించింది.

మళ్ళీ లేచిన ఆట

టూరోచాంప్ అసలు ప్రోగ్రాము మిగలలేదు. కానీ నియమాలను ట్యూరింగ్ వివరంగా రాసిన వ్యాసం, గ్లెనీతో ఆడిన ఆట ఎత్తులతో సహా, 1953లో ఒక పుస్తకంలో అచ్చయింది. సుమారు యాభై ఏళ్ళ తర్వాత, 2004లో, జర్మనీలోని చెస్‌బేస్ సంస్థవారు ఆ వ్యాసాన్ని ముందు పెట్టుకుని ప్రోగ్రామును కొత్త కంప్యూటరు మీద మళ్ళీ కట్టారు. తీరా నడిపి చూస్తే, అది 1952 నాటి ఎత్తులు వేయడం లేదు! తమ ప్రోగ్రాములోనే తప్పుందనుకుని ఎంతో వెతికారు. చివరికి తేలిందేమంటే, చేత్తో లెక్క కట్టిన ట్యూరింగే కొన్నిచోట్ల తన నియమాలను తాను సరిగ్గా పాటించలేదు. యంత్రంగా కూర్చున్నా, మనిషి మనిషే గదా.

2012లో ట్యూరింగ్ శతజయంతి సందర్భంగా, మాంచెస్టరులో జరిగిన మహాసభలో ప్రపంచ మాజీ విజేత గారీ కాస్పరోవ్ ఈ ప్రోగ్రాముతో ఆడి 16 ఎత్తుల్లో గెలిచాడు. గెలుపు విశేషం కాదు. పుట్టినప్పుడు యంత్రమే లేని ఆట, తండ్రి పోయిన 58 ఏళ్ళకు, ఆయన పనిచేసిన ఊళ్ళోనే నిలబడి ఆడింది. అదీ విశేషం.

మనిషికి న్యాయం మాత్రం ఆలస్యంగా జరిగింది. 2009లో బ్రిటిష్ ప్రధాని గార్డన్ బ్రౌన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. 2013లో రాణి క్షమాభిక్ష ప్రసాదించింది. 2021లో యాభై పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ అచ్చయింది. ఆటను మళ్ళీ లేపవచ్చు, మనిషిని లేపలేం. ఈ సంగతి ప్రభుత్వాలూ, మనమూ గుర్తుంచుకోవాలి.

మన కర్తవ్యం

1966 నుంచి కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నత బహుమతిని ట్యూరింగ్ పేరనే ఇస్తున్నారు. 1994లో దాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో పాటు అందుకున్నది మన తెలుగువాడు, చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో పుట్టిన దబ్బల రాజగోపాల రెడ్డి గారు. ఆ రాజ్ రెడ్డి గారే పది లక్షల పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించే పథకానికి నాయకత్వం వహించారు. మన దేశం కూడా అందులో పాలుపంచుకోగా, ఎన్నో పాత తెలుగు పుస్తకాలు చెదలపాలు కాకుండా అందరికీ అందాయి. తండ్రి గుర్రం మీద తిరిగిన తెలుగు నేలకు ఆ కొడుకు పేరు ఇట్లా తిరిగివచ్చింది.

మిత్రులారా, ఇది కేవలం ఆటల ముచ్చట కాదు. నిన్న మొన్నటి తెలుగు పుస్తకాలు, పత్రికలు, పెళ్ళిపత్రికలు ఎన్నో పాత పద్ధతి ఫాంట్లలో కూర్చినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు కనబడతాయి. ఎవరో ఒకరు కూర్చుని, ఏ గుర్తు ఏ అక్షరమో పట్టిక రాసి, యూనికోడులోకి మార్చాలి. సైన్సు చదివే మనబోటివాళ్ళు సెలవుల్లో చేయగలిగిన పని ఇది. అట్లాగే మన ఇళ్ళలోని ముసలివాళ్ళకు తెలిసిన ఆటల నియమాలు వారి నోళ్ళలోనే ఉన్నాయి. వాటిని అడిగి, ట్యూరింగ్ చదరంగానికి రాసినంత వివరంగా, ఎవరు చదివినా ఆడగలిగేటట్టు రాసిపెట్టాలి.

రైతుబిడ్డలకు తెలిసిన సంగతే చెబుతాను. విత్తనాన్ని గుమ్మిలో పోసి ఏళ్ళతరబడి దాస్తే అది మొలకెత్తదు. ఏటేటా పొలంలో పడితేనే, పాత గింజ పోయినా విత్తనం బతుకుతుంది. యంత్రాలు తుప్పుపడతాయి, పీటలు విరుగుతాయి. నియమాన్ని నిండుగా రాసేవాడొకడు, దాన్ని కొత్త నేలలో మళ్ళీ నాటేవాడొకడు ఉన్నంతకాలం ఆట నిలుస్తుంది. అలాన్ ట్యూరింగ్ మొదటి పని చేసిపోయాడు. రెండవది మన వంతు.